పేరు మార్చి అతికించిన పాలసీ పనికొస్తుందా?

ప్రశ్న: నేను బీఫార్మసీ చదివాను. కోనసీమలోని ఒక పట్టణంలో ముప్పై పడకల నర్సింగ్ హోమ్‌ను ఆనుకుని ఉన్న ఫార్మసీలో పనిచేస్తున్నాను. మాకు ఒక కిటికీ వార్డుల వైపు, ఒక కౌంటర్ రోడ్డు వైపు ఉన్నాయి. నర్సింగ్ హోమ్ వారు ఎన్ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యతను గుర్తించే జాతీయ బోర్డు) ఎంట్రీ లెవెల్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేస్తున్నారు. మేనేజరు గారు అమెరికాలోని ఏదో ఆసుపత్రి ఫార్మసీకి చెందిన నలభై పేజీల ఇన్ఫెక్షన్ నివారణ పాలసీని నా చేతికిచ్చి, "పేర్లు మార్చి ఫైల్లో పెట్టేయమ్మా" అన్నారు. చదివితే అందులో సగానికి పైగా మాకు సంబంధం లేనిదే. మా దగ్గర జరిగేవేమో అందులో లేవు. మా కుర్రాడు వేలు నాలుకకు అద్దుకుని కవర్లు విడదీస్తాడు. రోడ్డు వైపు కౌంటర్లో షుగర్ పరీక్ష చేస్తాం. సూది మారుస్తాం కానీ గుచ్చే పెన్ను అందరికీ ఒకటే. పిల్లల యాంటీబయాటిక్ పొడి సీసాల్లో టిన్ను నీళ్లు పోసి, కలిపి ఇస్తాం. ఫార్మసీని లీజుకు నడిపేది మా నాన్నగారి స్నేహితులు, నేను బాబాయి గారూ అని పిలుస్తాను. ఏదైనా చెబితే "ఇది మందుల కొట్టమ్మా, ఆపరేషన్ థియేటర్ కాదు" అని నవ్వేస్తారు. పాలసీ ఎలా రాయాలి? ఆయనకు ఎలా చెప్పాలి? ఇంకొకటి, రోజంతా శానిటైజర్ రాసుకుని చేతులు పగులుతున్నాయి. మానేయవచ్చా?
– ఒక సోదరి, కోనసీమ జిల్లా

సమాధానం: ఆ నలభై పేజీలను పక్కన పెట్టండమ్మా. తనిఖీకి వచ్చేవారు ఫైలు తిరగేసి టీ తాగి వెళ్లిపోరు. మీ కుర్రాణ్ణి పిలిచి, "బాబూ, ఇక్కడ నేల మీద రక్తం పడితే ఏం చేస్తావు?" అని అడుగుతారు. కాగితం మీద ఒకటీ అతని నోట మరొకటీ వస్తే ఆ ఫైలే మీకు ఎదురు సాక్ష్యం అవుతుంది. మీకు కావలసింది నాలుగైదు పేజీల పత్రం, అదీ తెలుగులో. పాటించవలసిన వాళ్లు చదవలేని భాషలో రాస్తే ఎవరి కోసం రాసినట్టు? అందులో రేపటి నుంచి మీరు చేయగలిగినవి మాత్రమే ఉండాలి. వచ్చే ఏడాది చేద్దామనుకున్నవి వేరే కాగితం మీద పెట్టుకోండి.

అలాగని ఆ అమెరికా పత్రాన్ని తీసిపారేయను. శుభ్రమైన గదులు, గౌన్లు, వడకట్టిన గాలి గురించి అన్ని పేజీలు ఉండటానికి గట్టి కారణమే ఉంది. 2012లో మసాచుసెట్స్ రాష్ట్రం ఫ్రేమింగ్‌హామ్‌లో ఒక కాంపౌండింగ్ ఫార్మసీ (మందులను తానే కలిపి తయారుచేసే ఫార్మసీ) తయారుచేసిన స్టెరాయిడ్ ఇంజెక్షన్లలో ఫంగస్ చేరింది. నడుము నొప్పికని వెన్ను దగ్గర ఆ ఇంజెక్షన్ వేయించుకున్న వారిలో చాలామందికి మెదడు పొరలకు ఇన్ఫెక్షన్ సోకింది. ఇరవై రాష్ట్రాల్లో 750 మందికి పైగా జబ్బుపడ్డారు, 60 మందికి పైగా చనిపోయారు. మరుసటి ఏడాది అక్కడి చట్టసభ ఇలాంటి ఫార్మసీల కోసం కొత్త చట్టమే చేసింది. మీరు ఇంజెక్షన్లు తయారుచేయరు. కాబట్టి ఆ అధ్యాయాలన్నిటి బదులు ఒక్క వాక్యం రాయండి: "ఈ ఫార్మసీలో ఇంజెక్షన్ మందులు కలపడం, ఒక వయల్‌ను (ఇంజెక్షన్ మందు సీసాను) పంచి ఇవ్వడం, సిరంజీల్లో ముందుగా నింపి ఉంచడం చేయము." వార్డు నుంచి సిస్టర్ వచ్చి, "ఈ వయల్ ఇద్దరికీ సరిపోతుంది, చెరిసగం చేసి ఇవ్వండి, పాపం వాళ్లకు ఖర్చు తగ్గుతుంది" అన్న రోజున ఆ వాక్యం విలువ తెలుస్తుంది. ఏం చేయమో కూడా చెప్పేదే మంచి పాలసీ.

ఇక మీరు రాసిన వాటిలో నన్ను నిజంగా భయపెట్టింది వేలు నాలుకకు అద్దుకోవడం కాదు, షుగర్ పరీక్ష. సూది మారుస్తున్నాం కదా అని మీరు కాస్త ధీమాగా రాశారు. గుచ్చే పెన్ను కొన, సూదిని పట్టి ఉంచే భాగం, రెండూ వేలికి తగులుతాయి. అక్కడ కంటికి కనిపించనంత రక్తం ఉంటే చాలు. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తంలో కనీసం ఏడు రోజులు బతికి ఉంటుంది. అమెరికాలో వృద్ధాశ్రమాల్లో ఇదే రకం పెన్నులను పదిమందికీ వాడి హెపటైటిస్ బి అంటించిన ఘటనలు ఒకటి రెండు కావు. మన దేశంలో ఒకరి రక్తం ఇంకొకరికి చేరితే ఏమవుతుందో తెలియాలంటే 2009లో గుజరాత్‌లోని మొడాసా పట్టణాన్ని గుర్తు చేసుకోండి. వాడిన సిరంజీలనే మళ్లీ వాడటం వల్ల అక్కడ హెపటైటిస్ బి పాకి పదుల సంఖ్యలో జనం చనిపోయారు. మీ కౌంటర్లో జరిగేది అంత ఘోరం కాదు, కానీ దారి అదే.

అందుకని ఆ పెన్నును రేపే తీసేయండి. ఒకసారి గుచ్చగానే సూది లోపలికి వెళ్లిపోయి మళ్లీ పనిచేయని సేఫ్టీ లాన్సెట్లు దొరుకుతాయి, కొన్ని రూపాయలే. పరీక్షకు ఆ మేరకు ధర పెంచినా ఎవరూ పోట్లాడరు. ప్రతి మనిషికీ కొత్త చేతొడుగులు వేసుకోవాలి, మీటరును దాని తయారీదారు చెప్పిన ద్రవంతో ప్రతిసారీ తుడవాలి. వాడిన లాన్సెట్‌కు మూత పెట్టకుండా అక్కడికక్కడే గుచ్చుకోని తెల్ల డబ్బాలో వేయాలి. ఇవి కుదరని రోజున పరీక్ష చేయవద్దు, "ఈ రోజు లేదండీ, లోపల ల్యాబ్‌లో చేయించుకోండి" అని చెప్పవచ్చు. వార్డుల్లో ఇన్సులిన్ పెన్ను ఒకటే తీసుకుని సూది మార్చి నలుగురికి వేస్తున్నారేమో కూడా ఓసారి విచారించండి. గుచ్చినప్పుడు రక్తం వెనక్కి పెన్నులోని మందు గొట్టం (కార్ట్రిడ్జ్) లోకి రావచ్చు. ఒక పెన్ను ఒక మనిషికే అని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2015లో లేబుల్ మీదే రాయించింది. ఇచ్చేటప్పుడు పెన్ను మీద పేషెంటు పేరు రాసి ఇవ్వండి, వార్డులో ఎవరూ పొరబడరు.

టిన్ను నీళ్ల సంగతి కూడా చిన్నది కాదు. జ్వరంతో ఉన్న ఏడాది పిల్లకు ఇచ్చే మందులో, మూత తీసి వారం రోజులుగా కౌంటర్ కింద ఉన్న టిన్ను నీళ్లు! చాలా కంపెనీలు పొడి సీసాతో పాటే స్టెరైల్ వాటర్ (సూక్ష్మజీవులు లేని నీళ్లు) చిన్న సీసా ఇస్తున్నాయి. ఇవ్వని వాటికి, ఇంట్లో కాచి పూర్తిగా చల్లార్చిన నీళ్లు గీత వరకు పోయమని తల్లికి చూపించి పంపండి. గీత ఎక్కడుందో గోటితో చూపించండి, మాటతో చెబితే సీసా నిండా పోసేస్తారు. అమాక్సిసిలిన్-క్లావులనేట్ లాంటివి కలిపాక ఫ్రిజ్‌లో పెట్టాలి, ఏడు రోజుల తర్వాత పారేయాలి. ఆ తేదీని మీరే సీసా మీద రాయండి. కంటి చుక్కలకూ ఇదే అలవాటు చేయండి, మూత తీసిన నెలకు పారబోయాలి. 2023లో తమిళనాడులో తయారై అమెరికాకు వెళ్లిన కంటి చుక్కల మందుతో ముడిపడి 80 మందికి పైగా మందులకు లొంగని సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ సోకింది. 14 మంది చూపు పోగొట్టుకున్నారు. లోపం తయారీలో జరిగింది, అమ్మినవారిది కాదు. కానీ ఫలానా బ్యాచ్ వెనక్కి పంపమని కబురు వచ్చినప్పుడు అది మీ షెల్ఫులో ఉందో లేదో గంటలో చెప్పగలరా? కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ నాసిరకంగా తేలిన మందుల జాబితాను నెలనెలా ఇస్తుంది. దాన్ని చూసే బాధ్యత ఎవరిదో పాలసీలో రాయండి.

నాలుకకు వేలు అద్దుకునే కుర్రాణ్ణి తిట్టవద్దు. పల్చటి కవర్లు పొడి వేళ్లకు విడవవు, అతనికి మరో దారి ఎవరూ చూపలేదు. బ్యాంకు క్యాషియర్ల ముందు ఉండే స్పంజి డబ్బీ ఒకటి కొనివ్వండి. రోజూ సాయంత్రం కడిగి ఆరబెట్టాలి, లేకపోతే ఆ స్పంజే కొత్త సమస్య. విడి మాత్రలు లెక్కపెట్టాల్సి వస్తే ట్రే, స్పూను వాడండి, అరచేతిలో పోసుకోవద్దు. కరెన్సీ నోట్ల గురించి మాత్రం అతిగా భయపడనక్కర్లేదు. ముఖం తాకకుండా, తినేముందు సబ్బుతో చేతులు కడిగితే ఆ పని అయిపోతుంది. రోజూ సాయంత్రం సాంబ్రాణి వేస్తే సూక్ష్మజీవులు చస్తాయని నమ్మేవాళ్లు మీ దగ్గరా ఉంటారు. వేయనివ్వండి, వాసన బాగుంటుంది, అంతవరకే.

వార్డు కిటికీ వైపు వద్దాం. కాన్యులాలు (నరంలో ఉంచే సన్న గొట్టాలు), ఐవీ సెట్లు, కాథెటర్లు స్టెరైల్‌గా ఉన్నాయంటే అది ఆ పల్చటి కవరు పుణ్యం. చిల్లు పడినా, తడిసినా, అంటించిన అంచు లేచినా అవి ఇక స్టెరైల్ కావు. కొన్ని ఫార్మసీల్లో బిల్లును ఆ కవరుకే స్టేప్లర్‌తో కొడతారు. తమ చేతులతోనే చిల్లు పెడుతున్నామని తోచదు. పది సెట్లు కలిపి రబ్బరు బ్యాండు బిగించడమూ అలాంటిదే, అంచులు నలిగి విడిపోతాయి. సెలైన్ అట్టపెట్టెలు నేల మీద, గోడకు ఆనించి ఉన్నాయా? మీ ప్రాంతంలో వానాకాలం ఎలా ఉంటుందో నేను చెప్పాలా, అట్ట తడుస్తుంది, బూజు పడుతుంది. నేల నుంచి జానెడు ఎత్తున చెక్క బల్ల వేయించండి. సెలైన్ ఇచ్చేముందు సీసాను తలకిందులు చేసి వెలుగుకు పెట్టి చూడాలి, ఒకసారి నొక్కి చూడాలి. మసకగా ఉన్నా, నలక కనిపించినా, చుక్క కారినా పక్కన పెట్టాలి.

వార్డు నుంచి తిరిగివచ్చే సరుకు మీద మీ పాలసీ కాస్త కఠినంగా ఉండాలి. పేషెంటు మంచం పక్కన మూడు రోజులు ఉండి, డిశ్చార్జి రోజున డబ్బు వెనక్కి ఇమ్మంటూ సంచిలో వస్తాయి. సీలు చెక్కుచెదరని, ఫ్రిజ్ అవసరం లేని, కవరు శుభ్రంగా ఉన్న వాటిని తీసుకోవచ్చు. ఫ్రిజ్‌లో ఉండవలసినవి బయటికి వెళ్లి వస్తే తీసుకోకూడదు. ఈ నియమాన్ని కిటికీ పక్కన పెద్ద అక్షరాలతో అంటించండి. లేకపోతే ప్రతి డిశ్చార్జికీ గొడవే, చివరికి మొహమాటంతో మీరే లొంగిపోతారు.

రోడ్డు వైపు కౌంటర్లో అసలు ప్రమాదం గాలిలో ఉంది. కౌంటర్‌ను రోజుకు ఒకటి రెండు సార్లు సబ్బు నీళ్లతో తుడిస్తే చాలు, పదిసార్లు శానిటైజర్ చల్లినా దగ్గుతో వచ్చే క్షయను అది ఆపదు. ఏసీ చల్లదనం పోతుందని అద్దాల తలుపులు బిగించి ఉంచితే లోపల ఉన్న మీకే నష్టం. తలుపు తెరిచి, మీ వెనక నుంచి రోడ్డు వైపుకు గాలి వీచేలా ఫ్యాను పెట్టండి. దగ్గుతున్నవారికి ఇవ్వడానికి మాస్కులు చేతికందేలా ఉంచండి. రెండు వారాలకు మించి దగ్గు ఉందన్నవారికి మరో సిరప్ సీసా అమ్మకుండా కఫం పరీక్షకు పంపండి. క్షయ మందులు అమ్మితే ఆ వివరాలను ప్రభుత్వానికి తెలియజేయడం 2018 నుంచి మందుల దుకాణాలకూ తప్పనిసరి, అది ప్రభుత్వ క్షయ వెబ్‌సైటైన నిక్షయ్ పోర్టల్‌లో చేయవచ్చు.

జ్వరం, దగ్గు ఉన్న ఉద్యోగి ఇంట్లో ఉండాలి, ఆ రోజు జీతం కోయకూడదు. ఈ వాక్యం పాలసీలో రాయించగలిగితే మీరు సగం పని చేసినట్టే. జీతం కోస్తే ఆ కుర్రాడు మాత్ర వేసుకుని వచ్చి మీ పక్కనే దగ్గుతాడు, ఎన్ని మాస్కులు కొన్నా ఏం లాభం?

"జలుబుకు అజిత్రో మూడు మాత్రలు ఇవ్వండి" అని అడిగేవాళ్ల సంగతి ఇన్ఫెక్షన్ పాలసీలో ఎందుకని మేనేజరు గారు అడగవచ్చు. మందులకు లొంగని సూక్ష్మజీవులు ముందు మీ ఐసీయూలోకే వస్తాయి కనుక. డాక్టరు చీటీ లేకుండా యాంటీబయాటిక్ అమ్మకూడదు. అందులోనూ సెఫిక్సిమ్ లాంటి షెడ్యూల్ హెచ్1 (చట్టం గట్టి నిఘా పెట్టిన జాబితా) మందులకు 2014 మార్చి 1 నుంచి ప్రత్యేక రిజిస్టరు ఉండాలి. రాసిన డాక్టరు, పేషెంటు, మందు, పరిమాణం అందులో నమోదు చేసి మూడేళ్లు భద్రపరచాలి. కేరళలో 2024లో ఆపరేషన్ అమృత్ పేరుతో చీటీ లేకుండా యాంటీబయాటిక్స్ అమ్మే దుకాణాలపై దాడులు చేశారు. ఈ ముక్క బాబాయి గారి చెవిన వేయండి.

వ్యర్థాల గురించి క్లుప్తంగా చెబుతాను, నర్సింగ్ హోమ్‌కు రోజూ వచ్చే బండి ఉంటుంది కనుక దానితో కలిసిపోండి. ఆసుపత్రి వ్యర్థాలపై 2016 నిబంధనల ప్రకారం సూదులు, లాన్సెట్లు గుచ్చుకోని తెల్ల డబ్బాలోకి, గాజు వయల్స్ నీలం డబ్బాలోకి, వాడిన చేతొడుగులు ఎరుపు సంచిలోకి, రక్తం అంటిన దూది, గడువు తీరిన మందులు పసుపు సంచిలోకి. గడువు తీరిన యాంటీబయాటిక్ సిరప్‌ను సింకులో మాత్రం పారబోయవద్దు.

రక్తం పడితే ఏం చేస్తావన్న ప్రశ్నకు మీ కుర్రాడు చెప్పవలసిన జవాబు ఇది. చేతొడుగులు వేసుకుని, పాత గుడ్డో పేపరో కప్పి, ఒక శాతం హైపోక్లోరైట్ (బ్లీచింగ్ ద్రవం) పోసి, పది నిమిషాలు ఆగి, తుడిచి పసుపు సంచిలో వేయాలి. బజారులో దొరికే అయిదు శాతం ద్రవానికి నాలుగింతల నీళ్లు కలిపితే ఒక శాతం అవుతుంది. నిన్న కలిపింది ఇవాళ పనికిరాదు, ఏ రోజుకారోజు కలపాలి. బాత్రూం యాసిడ్‌తో ఎన్నడూ కలపకూడదు, క్లోరిన్ వాయువు వెలువడి ఊపిరి ఆడదు. వాసన ఘాటుగా ఉంది కదా అని ఫినాయిల్‌తో సరిపెట్టవద్దు.

మీకూ కుర్రాడికీ హెపటైటిస్ బి టీకా అయిందా? సున్నా, ఒకటి, ఆరు నెలల్లో మూడు మోతాదులు. చివరిది వేయించుకున్న నెల రెండు నెలలకు రక్షణ వచ్చిందో లేదో రక్త పరీక్షలో తెలుస్తుంది, అందులో యాంటీబాడీల స్థాయి 10 యూనిట్లకు తగ్గకూడదు. ఖర్చు యజమాని భరించాలని పాలసీలో రాయండి. వాడిన సూది గుచ్చుకుంటే ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో కడగాలి. పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు. వెంటనే లోపలి డాక్టరుకు చెప్పాలి. హెచ్ఐవీ రాకుండా వేసే మందులు అవసరమైతే వీలైనంతవరకు రెండు గంటల్లో, ఎట్టి పరిస్థితుల్లోనూ 72 గంటలు దాటకుండా మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. రాత్రివేళ ఎవరిని అడగాలో తెలియకపోతే జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097 ఉంది. ఈ నంబరు గోడ మీద ఉండాలి.

ఇప్పుడు బాబాయి గారు. జనం ముందు చెప్పవద్దు, ఏ పెద్దమనిషికీ నచ్చదు. పొద్దున షట్టర్ ఎత్తాక, రద్దీ మొదలు కాకముందు చెప్పండి. ఆపరేషన్ థియేటర్ కాదన్న ఆయన మాట నిజమే. థియేటర్లోకి వెళ్లేవాళ్లను పరీక్షలన్నీ చేసి మరీ తీసుకెళ్తారు. మీ కౌంటర్‌కు ఎవరు ఏ జబ్బుతో వస్తారో వచ్చేవాళ్లకే తెలియదు. ఒకే వరుసలో గర్భిణి, కీమో చేయించుకుంటున్న ముసలాయన, కొత్తగా క్షయ వచ్చిన కుర్రాడు నిలబడతారు. ఈ మాట ఆయనకు తడుతుందని నా నమ్మకం. అన్నీ ఒకేసారి అడగవద్దు. స్పంజి డబ్బీ, చెక్క బల్ల, ఫ్యాను నెమ్మదిగా నెగ్గించుకోవచ్చు. షుగర్ పరీక్ష పెన్ను విషయంలో, చీటీ లేని యాంటీబయాటిక్ విషయంలో మాత్రం మెత్తబడవద్దు. ఆ పనులు జరుగుతున్నది రిజిస్టర్డ్ ఫార్మసిస్టుగా మీ పర్యవేక్షణలో, రేపు సంజాయిషీ అడిగేదీ మిమ్మల్నే. "బాబాయి గారూ, ఇది నేను చేయలేను" అని మర్యాదగా, ఒక్కసారే, గట్టిగా చెప్పండి. అప్పటికీ ఒప్పుకోకపోతే నర్సింగ్ హోమ్‌లో ఇన్ఫెక్షన్ కమిటీ చూసే డాక్టరుకు రాతపూర్వకంగా తెలపండి. సర్టిఫికెట్ కావలసింది వాళ్లకే కాబట్టి వింటారు.

చేతులు పగలడం గురించి. శానిటైజర్ మానేయవద్దు. చాలామంది చేసే పొరపాటు సబ్బుతో కడిగి, తడి ఆరకముందే మీద శానిటైజర్ రాయడం. చర్మం దెబ్బతినేది ఎక్కువగా దీనివల్లే. చేతులు మురికిగా ఉన్నప్పుడు, మరుగుదొడ్డికి వెళ్లివచ్చాక, ఎవరైనా వాంతి చేసుకుంటే శుభ్రం చేశాక, తినేముందు సబ్బుతో 40 నుంచి 60 సెకన్లు కడగండి. వాంతులు, విరేచనాలు కలిగించే కొన్ని క్రిములకు ఆల్కహాల్ సరిగా పనిచేయదు. మిగతా వేళల్లో గ్లిజరిన్ కలిసిన శానిటైజర్‌ను 20 నుంచి 30 సెకన్లు, ఆరేదాకా రుద్దుకుంటే చాలు, వేడినీళ్లు, సబ్బు కంటే అది చర్మానికి మెత్తన. రాత్రి పడుకునేముందు వాసన లేని క్రీము పట్టించండి. పగుళ్లు ఉన్నచోట నీళ్లు చొరని ప్లాస్టర్ వేయండి, రెండు మూడు వారాల్లో తగ్గకపోతే చర్మ వైద్యులకు చూపించండి. పగుళ్లకు భయపడి రోజంతా చేతొడుగులతో మాత్రం కూర్చోవద్దు. ఆ తొడుగులతోనే నోట్లు, మాత్రల స్ట్రిప్పులు, కీబోర్డు ముట్టుకుంటే లోపల మీ చేతులు శుభ్రంగా ఉంటాయి కానీ కౌంటర్ అవతల నిలబడినవారికి ఏ లాభమూ ఉండదు.